జోలాపుట్టు ఒడ్డున ఒక రాత్రి: గుడారం వేసే ముందు నీటి గీత చూడండి

ముందుగా ఒక సంగతి. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఏ కొండ ఎక్కి చూసినా కింద తళతళమనే పెద్ద నీళ్లన్నీ ఆనకట్టలు కట్టాక నిలిచినవే. కొలాబ్ అంతే, జోలాపుట్టు అంతే, ఇంకా దిగువకు పోతే మల్కనగిరి జిల్లాలో బలిమెల అంతే. కాబట్టి వీటి ఒడ్డు ఒకచోట నిలవదు. అక్టోబరులో అలలు తాకిన గడ్డి అంచు ఏప్రిల్‌కల్లా నీటికి చాలా దూరంలో ఎండుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో మీరు కూర్చుని టీ తాగిన రాయి సెప్టెంబరులో చేపలకు నీడనిస్తుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

మా ఇల్లు సెమిలిగుడలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగినవాళ్లం. విజయనగరం, విశాఖ నుంచి వచ్చే చుట్టాలు, వాళ్ల స్నేహితులు ఏటా చలికాలంలో అడిగేది ఒకటే: "ఆ చెరువు గట్టున ఒక రాత్రి పడుకోవచ్చా?" పడుకోవచ్చు. ప్రతిసారీ ఫోనులో అరగంట చెప్పే బదులు ఈసారి రాసి పెడుతున్నాను.

నెల ఎంచుకోండి

నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. నవంబరులో అయితే వలిసె చేలు పూసి కొండవాలులన్నీ పసుపు పచ్చగా ఉంటాయి, జలాశయం కూడా దాదాపు నిండుగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో ఆకాశం శుభ్రంగా ఉంటుంది కానీ చలి మాత్రం మీరు అనుకున్న చలి కాదు. పొట్టంగి, సెమిలిగుడ వైపు రాత్రి పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే.

అక్టోబరులో వస్తామంటే నేను వద్దంటాను. అది బంగాళాఖాతంలో తుఫానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అప్పుడు ఒడిశాలోనే గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడ్డాయి. మార్చి, ఏప్రిల్‌లో పోడు మంటల పొగతో ఎదుటి కొండ కనిపించదు, సాయంత్రమయ్యేసరికి ఉరుములు, పిడుగులు. వానాకాలం గురించి చెప్పనక్కరలేదు: జలగలు, బురద, కూలిన మట్టిరోడ్లు.

ఏ చెరువు?

పిల్లలతో వచ్చేవారికి కొలాబ్ చాలు. కోరాపుట్ పట్టణానికి దగ్గర, ఆనకట్ట పక్కన తోట ఉంది, పగలంతా తిరిగి రాత్రికి లాడ్జికి చేరుకోవచ్చు. ఆ నీళ్లే సొరంగం గుండా కొండ దిగి జయపురం వైపున్న 320 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని తిప్పుతాయి. ఆ నదే కిందకు పోయి మన శబరి అవుతుంది.

గుడారం వేసుకోవడానికి నా ఓటు జోలాపుట్టుకే. ఒడియావాళ్లు జలాపుట్ అంటారు. ఇటు కోరాపుట్ జిల్లా, అటు అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచంగిపుట్టు మండలం, మధ్యలో నీళ్లు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు నిలవచేసే చోటు ఇది, రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. మాచ్‌ఖండ్ నది దిగువన సీలేరు పేరుతో పారి, శబరిలో కలిసి, చివరకు గోదావరి చేరుతుంది. మీరు పొద్దున ముఖం కడుక్కున్న నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు రాజమండ్రి వంతెన కింద నుంచి పోతాయన్నమాట.

బలిమెల మొదటిసారికి వద్దు. దూరం ఎక్కువ, తెలిసినవాళ్లు తోడు లేకుండా నడిచే చోటు కాదు. ఒనకఢిల్లీ గురువారం సంతకు వెళ్లి అక్కడి నుంచి బోండా గిరిజనుల ఊళ్లలోకి కెమెరాలు పట్టుకుని ఎక్కుదామనే ఆలోచన ఉంటే దాన్ని ఇక్కడే వదిలేయండి. మనుషుల్ని చూడటానికి వెళ్లే విహారయాత్రకు నేను దారి చెప్పను.

దేవమాలి గురించి అందరూ అడుగుతారు. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. చూడాల్సిందే, అయితే పైన నీళ్లు లేవు, గాలి గుడారాన్ని గొడుగులా తిప్పేస్తుంది. పగటిపూట ఎక్కి దిగండి.

చేరుకోవడం, రెండు శిమిలిగుడల చిక్కు

రోడ్డు మీద వచ్చేవారికి సాలూరు దాటాక ఘాట్ రోడ్డు, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ. అక్కడి నుంచి నందపురం మీదుగా చెరువు వైపు. రైలులో వచ్చేవారు విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కి అరకు దాటాక పాడువాలో దిగవచ్చు. మీరెక్కే రైలు అక్కడ ఆగుతుందో లేదో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

ఇక్కడే ఏటా ఎవరో ఒకరు బోల్తా పడతారు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను వేరు, మా సెమిలిగుడ పట్టణం వేరు. ఆ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజీ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని పేరు. మా బాబాయి కొడుకు ఆ బోర్డు చూసి, మా ఊరు వచ్చేసిందని రెండు సంచులతో దిగిపోయాడు. రైలు కదిలాక ఫోను చేసి, "అన్నయ్యా, నువ్వు కనిపించడం లేదు" అన్నాడు. నేనెలా కనిపిస్తాను, మధ్యలో అరకు లోయ, రాష్ట్ర సరిహద్దు ఉండగా.

నందపురంలో ఒక గంట ఆగండి. జయపురం రాజులు జయపురానికి మారకముందు రాజధాని ఇదే. ముప్ఫయిరెండు మెట్ల సింహాసనం శిథిలాన్ని జనం ఇప్పటికీ చూపిస్తారు. బియ్యం, కూరగాయలు, అగ్గిపెట్టె వంటివన్నీ ఇక్కడే కొనుక్కోండి. చెరువు దగ్గరి ఊళ్లలో కొట్టు ఉన్నా బిస్కెట్లు, సబ్బులు దాటి ఏమీ దొరకవు.

ఊరిని అడగండి

నీళ్ల పక్కన ఖాళీగా కనిపించే నేల ఖాళీ నేల కాదు. కొంత ప్రాజెక్టుది, కొంత అటవీ శాఖది, మిగిలినదాంట్లో నీరు తీసేకొద్దీ పక్క ఊరివాళ్లు కూరగాయలో పప్పులో వేసుకుంటారు. చాలామందికి తాతల నాటి పల్లపు పొలాలు ఆ నీటి అడుగునే ఉన్నాయి. ఒక ముసలాయన చేయి చాచి నీళ్ల మధ్యలోకి చూపించి "మా మడి అక్కడ" అన్నాడు నాతో. అప్పుడు నీళ్ల మీద రెండు నీటికాకులు తప్ప ఏమీ లేవు.

కాబట్టి వరస ఇదీ. ముందు దగ్గరి పోలీసు స్టేషనులో మీ పేర్లు, బండి నంబరు, ఎన్ని రాత్రులుంటారో చెప్పండి. ఇది సరిహద్దు ప్రాంతం, రాత్రిపూట కొండ మీద తెలియని లైటు కనబడితే ఎవరైనా వచ్చి అడుగుతారు, ఆ అడగడమేదో పగలే అయిపోతే మంచిది. అడవిలోకి పోయే దారి అయితే అటవీ శాఖవారిని కూడా అడగాలి. ఆ తరువాత ఊరు. ఊరి పెద్దను నాయక్ అంటారు. చేతులు జోడించి "జుహార్" అనండి, ఆ ఒక్క మాటతో సగం పని అవుతుంది. ఆడవాళ్లను మావుసి అని, మగవాళ్లను భాయి అని పిలవవచ్చు. సరిహద్దు కాబట్టి ఎవరో ఒకరికి తెలుగు వస్తుంది. రాకపోయినా పాణి అంటే నీళ్లు, బాట్ అంటే దారి, డోంగా అంటే పడవ, పాఖ్ అంటే దగ్గర. ఆ ఆఖరి మాటను నమ్మకండి. వాళ్లు పాఖ్ అంటే మన కాళ్లకు గంట.

ఊరి మధ్యలో చెట్టు కింద గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు కనిపిస్తే అలిసిపోయాం కదా అని వాటి మీద కూలబడకండి. గదబ, పరజ ఊళ్లలో అది సదర్, పెద్దలు కూర్చునే చోటు, కొన్ని రాళ్లు చనిపోయినవారి పేరున నిలిపినవి. ఊరి అంచున నిశాని ముండ అనే దేవత స్థలం ఉంటుంది, అక్కడ చెప్పులతో తిరగకూడదు, పుల్ల విరవకూడదు.

పుష్య పున్నమి దగ్గర పుష పరబ, చైత్రమాసమంతా చైత పరబ, రెండూ ఇక్కడి పండుగలు. ఆ రోజుల్లో పిల్లలు, ఆడపిల్లలు దారికి తాడో కర్రో అడ్డంపెట్టి చందా అడుగుతారు. విసుక్కోకండి. పది రూపాయల నోట్లు విడిగా జేబులో పెట్టుకుని రండి.

మూట

మూట బరువు మీ బరువులో అయిదో వంతు దాటనివ్వకండి. గుడారం సరే, దానికంటే ముఖ్యం కింద పరుచుకునేది. చలి పైనుంచి కంటే నేల నుంచే ఎక్కువ లాగుతుంది. మంచి కంబళి కప్పుకుని పలుచటి చాప మీద పడుకున్నవాడు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటాడు. ఫోం చాప, దాని మీద దుప్పటి, పైన స్లీపింగ్ బ్యాగ్ లేదా రెండు కంబళ్లు. ఉన్ని టోపీ, ఆరిన సాక్సులు ఒక జత పడుకునేటప్పుడు వేసుకోవడానికే ప్రత్యేకంగా.

తలకు కట్టుకునే లైటు, విడి బ్యాటరీలు. దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు. ప్లాస్టిక్ పట్టా ఒకటి, నైలాన్ తాడు పది మీటర్లు, చిన్న గునపం లేదా తాపీ. చిరిగిన బియ్యం గోనెసంచులు నాలుగు. ఎందుకో తరువాత చెబుతాను.

గ్యాస్ స్టౌ తెచ్చుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: రైలులో గ్యాస్ సిలిండరు, కిరోసిను, స్టౌ వంటివి తీసుకురావడం నిషేధం. చిన్న డబ్బా అయినా అంతే. రైలులో వచ్చేవారు ఊళ్లో కట్టెల మోపు కొనుక్కోవడమే మార్గం.

నడక: అయిదు వేళ్ల లెక్క

కొండల మధ్య నిలిపిన నీళ్లు గుండ్రంగా ఉండవు. ప్రతి గెడ్డ (వాగు) లోయలోకీ ఒక పాయ చొచ్చుకుపోతుంది. పటం మీద చూస్తే చాచిన చేతివేళ్లలా ఉంటుంది. ఒక వేలి కొస మీద నిలబడి ఎదుటి వేలి కొస చూస్తే అరుస్తే వినబడే దూరం. నడిచి వెళ్లాలంటే వేలి మొదలు దాకా వెనక్కి వెళ్లి, గెడ్డ దాటి, మళ్లీ కొస దాకా రావాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎదురుగా ఒక ఇంటి దగ్గర కోడి కూయడం కూడా వినబడుతోంది. నాలుగు వందల మీటర్లు ఉంటుందేమో. అరగంటలో చేరిపోదామని మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరాం. మొదటి పాయ చుట్టి వచ్చేసరికి దాని వెనక ఇంకొకటి. గట్టు మీద నుంచి చూస్తే రెండూ ఒకటిగా కనిపించాయి. చేరేసరికి ఏడు దాటింది, ఆ కోడి కూడా పడుకుంది.

కాబట్టి పటం మీద ఒడ్డు వెంట దారం పెట్టి కొలవండి, సూటి గీత గీయకండి. మూటతో గంటకు మూడు కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోవద్దు. డిసెంబరులో సూర్యుడు అయిదున్నరకల్లా దిగిపోతాడు, పడమట కొండ ఉంటే నీడ నాలుగున్నరకే మీ మీద పడుతుంది. నాలుగింటికి మీరు చోటు చూసుకుని ఉండాలి. మొదటి రోజు రెండు పాయలకు మించి చుట్టాలనుకోకండి.

పాయ మొదట్లో గెడ్డ దాటేటప్పుడు పచ్చటి చదును చూసి అడుగు వేయకండి. అది ఒండ్రు. పైన పెచ్చు ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, లోపల పెరుగులా ఉంటుంది. పశువులు నడిచిన గుర్తులున్న చోట దాటండి. గేదె దిగబడని చోట మీరు దిగబడరు. గుర్తులు లేకపోతే ఇంకా పైకి వెళ్లి రాళ్లున్న చోట దాటండి.

పడవవాడు దొరికితే పొద్దున్నే దాటేయడం తెలివైన పని. మధ్యాహ్నం దాటాక లోయ వెంట గాలి లేస్తుంది, డోంగాకు అంచు చాలా తక్కువ. లైఫ్ జాకెట్టు లేనిదే ఎక్కకండి, వాళ్ల దగ్గర ఉండదు కాబట్టి మీరే తెచ్చుకోండి. ఈత సంగతి అడగనే వద్దు. నీటి అడుగున పాత చెట్ల మోడులున్నాయి, వలలున్నాయి, అకస్మాత్తుగా పాత నది లోతు తగులుతుంది.

గీత, చోటు

ఇక అసలు పని. ఒడ్డు మీద నిలబడి నీళ్ల వైపు కాకుండా కొండ వైపు చూడండి. కింద ఎర్రటి బోడి నేల పట్టీ ఉంటుంది, దానిలో మెట్లు మెట్లుగా సన్నటి చారలు. పైన ఒకచోట ఆ బోడితనం ఆగి పొదలు, ముదురు గడ్డి, చెట్ల వేళ్లు మొదలవుతాయి. ఆ అంచు కొండలన్నిటి మీదా ఒకే మట్టంలో సాగుతుంది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. అదే నిండు నీటి గీత. జోలాపుట్టుకు అది 2750 అడుగుల మట్టం.

వానాకాలంలో నీటిమట్టం ఎంతుందో తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వస్తుంది. బయలుదేరే ముందు తాజా అంకె కనిపిస్తే 2750లో నుంచి తీసేయండి, లేదంటే ఊళ్లో అడగండి. ముప్ఫయి అడుగులు తగ్గిందనుకోండి. గట్టు నిటారుగా ఉన్నచోట కొద్ది దూరంలోనే నీటిదాకా దిగిపోతారు. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలే చదునైన చోట మాత్రం ఆ ముప్ఫయి అడుగులు ఆరు వందల అడుగుల బురద నేల అవుతుంది. బిందె పట్టుకుని అంత దూరం పోయి రావాలి. అందుకని నిండుగా ఉన్న నవంబరులో చదును ఒడ్డు చూసుకోండి, ఫిబ్రవరిలో కాస్త వాలున్న ఒడ్డు చూసుకోండి. ఫొటోల్లో అందంగా కనిపించిన చోటు వెతుక్కుంటూ పోతే అది వేరే నెలలో తీసిన ఫొటో అయి ఉంటుంది.

ఆ గీతను బట్టి ఇల్లు సర్దుకోండి. గీత కింద వంట, గీత పైన పడక, ఇంకా పైన బహిర్భూమి.

వంట కింద ఎందుకంటే అక్కడ గడ్డి లేదు, నిప్పు రవ్వ పడినా పాకదు. చలికాలం చివర ఈ కొండల మీద గడ్డి కాగితంలా ఉంటుంది, ఒక బీడీ చాలు. పడక పైన ఎందుకంటే బోడి నేలలో తేమ ఎక్కువ, మేకులు నిలవవు, ఎవరి పైరు ఎక్కడుందో చీకట్లో తెలియదు. గీతకు కనీసం పది పదిహేను అడుగుల ఎత్తున, చిన్న మిట్ట మీద వేసుకోండి. రాత్రి చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారి గుంటల్లో నిలుస్తుంది. అదే కొండ మీద ఇరవై అడుగులు పైకి వెళితే తెల్లవారుజామున కంబళి ఒకటి తక్కువైనా ఆగుతారు, పొగమంచులో గుడారం కూడా అంతగా తడవదు. మరీ శిఖరం మీద కాదు, ఒంటరి చెట్టు కింద అసలే కాదు. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో ఒకసారి తలెత్తి చూడండి.

బహిర్భూమి ఇంకా పైన ఎందుకో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. గీత కింద మీరు పాతిపెట్టింది ఏదైనా ఆగస్టులో నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లనే దిగువ ఊళ్లు తాగుతాయి. గీత దాటి డెబ్భయి ఎనభై అంగలు పైకి నడిచి, జానెడు లోతు గుంట తీసి, మట్టి కప్పండి. కాగితం, ప్యాడ్లు మూటకట్టి వెనక్కి తెచ్చుకోండి.

ఇక గోనెసంచుల సంగతి. ఎర్రమట్టి గట్టిగా ఉన్నచోట గుడారం మేకులు వంగిపోతాయి, మెత్తగా ఉన్నచోట చేత్తో లాగితే ఊడివస్తాయి. సంచిలో సగానికి రాళ్లో మట్టో నింపి, మూతి దగ్గర తాడు కట్టి, అడుగు లోతు గుంటలో అడ్డంగా పెట్టి పూడ్చి తొక్కండి. తాడు గుడారానికి బిగించండి. తెల్లవార్లూ గాలి కొట్టినా కదలదు. గుడారం గుమ్మం గాలికి వీపు పెట్టి ఉండాలి. గుమ్మం నీళ్ల వైపు పెట్టుకుంటే పొద్దున లేవగానే బాగుంటుందని అందరూ అటే పెడతారు, నేనూ పెడతాను. మీకు నచ్చినట్టు చేయండి, చలేస్తే నన్ను తలచుకోకండి.

ఒక్క చోట మాత్రం ఏ నెలలోనూ గుడారం వేయకండి: ఆనకట్టకు దిగువనున్న నదిలో. జోలాపుట్టు నుంచి డుడుమ వైపు వదిలే నీళ్లు కరెంటు అవసరాన్ని బట్టి వస్తాయి, వానతో పనిలేదు. పొడిగా ఉన్న రాళ్లు గంటలో మునిగిపోవచ్చు. ఆనకట్ట దగ్గర ఫొటోలు తీయవద్దని బోర్డు ఉంటే తీయకండి, కాపలావాళ్లతో వాదన వద్దు.

నీళ్లు, తిండి

తాగే నీళ్లకు ఊరి బోరింగే మేలు. చెరువు నీళ్లు వాడాల్సి వస్తే బట్టలో వడగట్టి, బుడగలు బాగా తేలాక కూడా రెండు నిమిషాలు మరిగించండి. క్లోరిన్ బిళ్లలు వేస్తే అరగంట ఆగాలి. గిన్నెలు నీళ్లలో ముంచి కడగకండి, నీళ్లు పైకి తెచ్చుకుని నేల మీద పోసి కడగండి.

వంట సులువుగా ఉండాలి. బియ్యం, కందిపప్పు కలిపి ఒకే గిన్నెలో ఉడికించి, ఊళ్లో కొన్న టమాటా, అల్లం వేస్తే చాలు. కోరాపుట్ అల్లం పెద్దగా ఉండదు కానీ ఘాటు ఎక్కువ, చూసుకుని వేయండి. పొద్దున ఊళ్లో మాండియా పేజ్ ఇస్తామంటే కాదనకండి. అది మన చోడి (రాగి) అంబలే, కాస్త పులిసి ఉంటుంది, ఎండలో నడిచేవాడికి అంతకంటే మంచిది లేదు. జీలుగు కల్లు కూడా ఇస్తామంటారు. అది మీ ఇష్టం, కాని తాగి నీళ్ల దగ్గరికి వెళ్లవద్దు.

చీకటి పడ్డాక

ఈ కొండల్లో మలేరియా కథ కాదు. ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం ఇక్కడ ఎక్కువ. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో మారుమూల ఊళ్లలో పరీక్షలు, మందులు, దోమతెరలు ఇస్తోంది. తగ్గింది, పోలేదు. చీకటి పడకముందే నిండు చేతుల చొక్కా, పొడవు పంట్లాం, సాక్సులు. దోమల మందు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, "ఒక్క నిమిషమేగా" అన్నవాడినే దోమ కుడుతుంది.

ఆ జిప్పు కట్లపాముకు కూడా అడ్డు. అది రాత్రి తిరుగుతుంది, వెచ్చదనం కోసం పక్కలోకి వస్తుంది, కాటు చాలాసార్లు నొప్పే తెలియదు. పొద్దున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వేరే కారణాలు వెతకకండి. కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ వద్దు. కరిచిన కాలు విరిగినప్పుడు కట్టినట్టు కర్రతో కదలకుండా కట్టి, నడిపించకుండా మోసుకెళ్లి, 108కి ఫోను చేయండి. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. సిగ్నలు ఎక్కడ అందుతుందో సాయంత్రమే చూసి పెట్టుకోండి. మా వైపు సాధారణంగా అది ఊరి వెనక ఏదో ఒక బండ మీద ఉంటుంది, ఊరివాళ్లకు ఆ బండ తెలుసు. బూట్లు గుడారం లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి వేసుకోండి.

తొమ్మిది దాటాక నిప్పు ఆర్పేయండి. నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, చేయి పెట్టి చూడండి. చేయి పెట్టలేకపోతే ఇంకా ఆరలేదు. అప్పుడు లైట్లు కూడా ఆపి కూర్చోండి. ఎదుటి గట్టు మీద ఒకటో రెండో దీపాలు, నీళ్లలో అవే దీపాలు. దూరంగా కిరండూల్ రైలు మార్గం మీద గూడ్సు బండి కొండల మధ్య మూలుగుతూ పోవడం గాలి వాటం బాగుంటే వినిపిస్తుంది.

పొద్దున, తరువాత

పొగమంచు ఎనిమిది దాకా కదలదు, తొందరపడకండి. గుడారం లోపలి గుడ్డ తడిగా ఉంటే ఎండ తగిలే దాకా ఆగి మడవండి, తడిగా మడిస్తే ఇంటికి వెళ్లేసరికి బూజు. గుంటల్లో పాతిన సంచులు తవ్వి తీసి, మట్టి దులిపి, గుంట పూడ్చండి. బూడిద చల్లేయండి, రాళ్లు చెల్లాచెదురు చేయండి. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా గీత కింద మిగలకూడదు.

ఇంటికి వెళ్లాక వారం నుంచి నెల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా "జలుబు జ్వరమే" అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, కోరాపుట్ కొండల్లో పడుకుని వచ్చానని డాక్టరుకు చెప్పండి. మలేరియా లేదని తేలినా జ్వరం తగ్గకపోతే చంకల్లో, నడుము దగ్గర సిగరెట్టు కాల్చినట్టు నల్లటి మచ్చ ఏదైనా ఉందేమో చూసుకోండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు, గడ్డిలో ఉండే చిన్న పురుగుల వల్ల వస్తుంది, సమయానికి మందు పడితే తేలిగ్గా తగ్గుతుంది.

వెళ్లే ముందు ఊళ్లో ఆగి, నీళ్లకోసం మావుసి దగ్గర తీసుకున్న బిందె తోమి ఇచ్చేయండి. డబ్బులు ఇస్తే కొందరు తీసుకోరు. అందుకే నేను నందపురంలో అర కిలో ఉప్పుచేప అదనంగా కొని పెట్టుకుంటాను.